రెయిడ్ కార్డు కింద జెడ్‌ఎఫ్‌ఎస్: విజయనగరంలో ఒక స్టోరేజీ సర్వర్ డైరీ

1వ రోజు: చేతిలో ఉన్న సామాను

విజయనగరం గంటస్తంభం దగ్గర రెండో అంతస్తులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియో ఒకటి. ముహూర్తాల రోజుల్లో మూడు నాలుగు కెమెరాల కార్డులు ఒకేసారి వచ్చి పడతాయి, పైడితల్లమ్మ సిరిమాను వారంలో ఇంకా ఎక్కువ. ఇన్నాళ్లూ అంతా విడివిడి యూఎస్‌బీ డిస్కుల్లోనే ఉంది. వాటన్నిటినీ ఒక సర్వర్ మీదికి తేవాలి, ఏ ఫైలైనా లోపల చెడితే ఆ సంగతి మనకు తెలియాలి. పని ఇంతే.

సర్వర్ సెకండ్ హ్యాండ్‌ది. రెండు యూనిట్ల ర్యాక్ బాక్సు, ముందు 8 మూడున్నర అంగుళాల బేలు, 32 జీబీ ఈసీసీ (తన తప్పులు తానే దిద్దుకునే) ర్యామ్. లోపల ఎల్‌ఎస్‌ఐ మెగారెయిడ్ 9260-8ఐ రెయిడ్ కార్డు (చాలా డిస్కులను కలిపి ఓఎస్‌కి ఒకే డిస్కుగా చూపించేది), దాని మీద 512 ఎంబీ క్యాష్ (రాయబోయే డేటా కాసేపు ఆగే మెమరీ), కరెంటు పోతే దాన్ని నిలబెట్టే బ్యాటరీ. డిస్కులు మాత్రం కొత్తవి, 4 టీబీవి ఎనిమిది, అన్నీ సీఎంఆర్ (ట్రాకులు ఒకదాని మీదొకటి ఎక్కకుండా రాసే) రకం. ట్రాకులు ఒకదాని మీదొకటి ఎక్కించి రాసే ఎస్‌ఎంఆర్ రకం చవగ్గా వస్తుంది గానీ, ఒక డిస్కు పోయి కొత్తదాన్ని నింపాల్సి వచ్చినప్పుడు రైట్లు నత్తనడక నడుస్తాయి, మధ్యలో టైమవుట్లు మొదలవుతాయి. ఆ బేరం వద్దనుకున్నాం. ఓఎస్‌కి వేరే చిన్న ఎస్‌ఎస్‌డీ, మదర్‌బోర్డు సాటా పోర్టుకే తగిలించాం.

ఓఎస్ డెబియన్ 12. ఫైల్ సిస్టమ్‌గా ఎంచుకున్న జెడ్‌ఎఫ్‌ఎస్ దాని మెయిన్‌లో ఉండదు, లైసెన్సు కారణంగా కాంట్రిబ్ విభాగంలో ఉంటుంది. కెర్నెల్ మాడ్యూల్ డీకేఎంఎస్ అనే టూల్‌తో అక్కడికక్కడే తయారవుతుంది కాబట్టి ముందు కెర్నెల్ హెడర్ల ప్యాకేజీ పెట్టుకోవాలి. అది మరిచిపోతే ఇన్‌స్టాల్ సాఫీగా అయిపోయినట్టే కనిపిస్తుంది, రీబూట్ చేశాక మాడ్యూలే ఉండదు.

ఇక అసలు చిక్కు. జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమూ తానే, డిస్కులను కలిపి పంచే వాల్యూమ్ మేనేజరూ తానే. 2005లో ఓపెన్ సొలారిస్‌తో బయటికొచ్చినప్పటి నుంచీ దాని లెక్క ఒకటే: డిస్కులు నేరుగా తన చేతికి రావాలి. రెయిడ్ కార్డు లెక్క కూడా అదే. ఒక ఒరలో రెండు కత్తులు. సర్వర్ అమ్మినాయన మాత్రం "కార్డులో రెయిడ్5 పెట్టేయండి, పైన మీకు నచ్చిన ఫైల్ సిస్టమ్ వేసుకోండి" అన్నారు. డిస్కులు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. పాడుచేసి చూడాలంటే ఇదే అదను.

2వ రోజు: కార్డు రెయిడ్5, పైన జెడ్‌ఎఫ్‌ఎస్

ఎనిమిది డిస్కులతో ఒకే రెయిడ్5 (ఒక డిస్కు పోయినా మిగతావాటి నుంచి తిరిగి లెక్కకట్టేందుకు ప్యారిటీ అనే అదనపు డేటా రాసే పద్ధతి), స్ట్రిప్, అంటే ఒక్కో డిస్కుకు ఒక విడతలో వెళ్లే ముక్క, 64 కేబీ. ఓఎస్‌కి 28 టీబీల ఒకే పెద్ద డిస్కు కనిపించింది. దాని మీద ఒకే పరికరంతో పూల్ (జెడ్‌ఎఫ్‌ఎస్ డేటా దాచే నిల్వ) కట్టాం, యాషిఫ్ట్ 12, అంటే 4096 బైట్ల సెక్టార్లు. సుమారు 200 జీబీ క్లిప్పులు నింపాం. కెమెరా 4 జీబీకి ఒక ముక్క చొప్పున కోసే క్లిప్పులు ఇవి. ప్రతిదానికీ షా256 సంతకం (ఒక్క బైటు మారినా మారిపోయే అంకె) తీసి వేరే పీసీలో దాచాం.

3, 4 రోజులు: కావాలని పాడుచేయడం

సర్వర్ ఆపాం. 3వ బేలోని డిస్కు తీసి, లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేపిన వేరే పీసీకి తగిలించాం. మొదటి 10 జీబీ వదిలేసి, అక్కడి నుంచి సరిగ్గా 1 జీబీ మేర డీడీ కమాండుతో చెత్త బైట్లు రాశాం. చివరి భాగం ముట్టుకోలేదు. కార్డు తన కాన్ఫిగరేషన్‌ను డీడీఎఫ్ ఫార్మాట్‌లో డిస్కు చివరనే దాచుకుంటుంది. అది చెరిగితే కార్డు ఆ డిస్కును పరాయిదనుకుంటుంది, మన పరీక్ష అక్కడితో సరి. డిస్కు మళ్లీ అదే బేలో పెట్టి సర్వర్ లేపాం.

కార్డు యుటిలిటీ మాట: ఎనిమిది డిస్కులూ ఆన్‌లైన్, అర్రే (కలిపిన డిస్కుల గుంపు) ఆప్టిమల్.

జెడ్‌పూల్ స్క్రబ్ (పూల్‌లోని డేటా అంతా చదివి సరిచూసే కమాండు) నడిపితే చెక్‌సమ్ (బ్లాకు సరిగ్గా ఉందో చూసే అంకె) తేడాల కాలమ్‌లో అంకె ఎక్కుతూ పోయింది. చివరికి స్టేటస్ కింద "పర్మనెంట్ ఎర్రర్స్" అని మూడు క్లిప్పుల పేర్లు, పూర్తి పాత్‌తో సహా. స్టూడియో యజమాని రెండు తెరలూ పక్కపక్కన చూసి, "ఇదేటండీ, కార్డేమో బాగుందంటాది, ఇదేమో పోయిందంటాది?" అన్నారు. ఇద్దరూ తమకు తెలిసినంతవరకు నిజమే చెప్తున్నారు.

రెయిడ్5 మామూలుగా చదివేటప్పుడు ప్యారిటీ జోలికి పోదు. డిస్కు ఎర్రర్ ఇవ్వకుండా బైట్లు ఇచ్చిందంటే అవే సరైనవని నమ్ముతుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ అలా నమ్మదు. ప్రతి బ్లాకు చెక్‌సమ్‌నూ ఆ బ్లాకు పక్కన కాకుండా, దాన్ని చూపించే పై బ్లాకులోని పాయింటర్‌లో దాస్తుంది. చదివిన ప్రతిసారీ సరిపోల్చుకుంటుంది. చెడిందని పట్టుకుంది సరే, బాగుచేయడానికి రెండో ప్రతి ఏది? దానికి కనిపించేది ఒకే డిస్కు. మెటాడేటాకు మాత్రం ఒకే పరికరం ఉన్నా రెండు ప్రతులు రాసుకుంటుంది కాబట్టి డైరెక్టరీలు, పేర్లు భద్రంగా ఉన్నాయి. వీడియోకి అలా కాదు.

సరైన డేటా అసలు లేదా అంటే, ఉంది. మిగతా ఏడు డిస్కుల్లో, ప్యారిటీ రూపంలో. ఎక్కడ చెడిందో తెలిసినవాడి చేతిలో బాగుచేసే సాధనం లేదు. సాధనం ఉన్నవాడికి చెడిన సంగతే తెలియదు. మధ్యలో మనిషి దూరాలి: కార్డు యుటిలిటీలో 3వ బే డిస్కును చేత్తో ఆఫ్‌లైన్ చేశాం. ఇక కార్డుకు గత్యంతరం లేదు, ఆ డిస్కు భాగాన్ని ప్యారిటీ నుంచి లెక్కకట్టి ఇవ్వాల్సిందే. అవే మూడు క్లిప్పులు మళ్లీ చదివితే షా256 సంతకాలు సరిపోయాయి. స్టేటస్‌లో ఎర్రర్ జాబితా అప్పటికప్పుడు పోదు, రెండు స్క్రబ్‌లు పూర్తయ్యాక గానీ తుడుచుకోదు. కంగారు పడక్కర్లేదు.

డిస్కును రీబిల్డ్ చేయించి (రీబిల్డ్ రేటు డిఫాల్ట్‌గా 30 శాతం, 4 టీబీకి రాత్రంతా పట్టింది) అదే పరీక్ష రెండోసారి చేశాం, ఒక్క తేడాతో. ఈసారి డిస్కు ఆఫ్‌లైన్ చేసే ముందు కార్డులోని కన్సిస్టెన్సీ చెక్ (డేటా, ప్యారిటీ కలుస్తున్నాయో చూసేది) నడిపాం. ప్యారిటీ కలవని చోట్లు కార్డుకు దొరికాయి, "సరిచేశాను" అంది. ఎలా సరిచేసింది? చెడిన డేటానే నిజమనుకుని దానికి తగ్గట్టు ప్యారిటీని తిరగరాసింది. ఆ తర్వాత డిస్కు ఆఫ్‌లైన్ చేసినా లాభం లేకపోయింది, ప్యారిటీ నుంచి కూడా అదే చెత్త వచ్చింది. మూడు క్లిప్పులూ పోయినట్టే.

ఇప్పటికే ఇలాంటి అమరికలో నడుస్తున్నవాళ్లు ఈ వరుస గుర్తుపెట్టుకోవాలి. జెడ్‌ఎఫ్‌ఎస్ పర్మనెంట్ ఎర్రర్ చూపించిందంటే వెంటనే కార్డులో షెడ్యూల్ చేసిన కన్సిస్టెన్సీ చెక్ ఆపండి. పూల్‌ను రీడ్ ఓన్లీగా ఇంపోర్ట్ చేయండి. తర్వాతే ఏ డిస్కు మీద అనుమానం ఉందో దాన్ని ఆఫ్‌లైన్ చేసి చదివి చూడండి. పెట్రోల్ రీడ్ అనేది వేరు, అది చదవలేని సెక్టార్లను మాత్రమే వెతుకుతుంది, డేటా సరైనదో కాదో చూడదు, దానితో భయం లేదు.

5వ రోజు: బ్యాటరీ

రెయిడ్ కార్డు వదలొద్దనేవాళ్ల ప్రధాన వాదన రైట్ బ్యాక్ క్యాష్, అంటే డేటా క్యాష్‌లో పడగానే రాసేశానని చెప్పి డిస్కుకు తర్వాత రాయడం. అది నిజంగానే వేగం ఇస్తుంది. కానీ దాని ప్రాణం బ్యాటరీలో ఉంది. మన కార్డు బ్యాటరీ స్థితి చూస్తే, ఫుల్ ఛార్జ్ సామర్థ్యం డిజైన్ సామర్థ్యంలో మూడో వంతుకు కూడా లేదు. ఇలాంటప్పుడు కార్డు తనంతట తాను రైట్ త్రూకి, అంటే డిస్కుకు రాశాకే అయిందని చెప్పే పద్ధతికి, దిగిపోతుంది. అది మంచి ప్రవర్తనే. ప్రమాదం ఎక్కడంటే, స్పీడు తగ్గిందని ఎవరో ఒకరు సెట్టింగ్‌లోకి వెళ్లి "బ్యాటరీ చెడినా రైట్ బ్యాక్" అని పెట్టేస్తారు.

పెడితే ఏమవుతుందో చూశాం. జెడ్‌ఎఫ్‌ఎస్ ఉన్నచోటే తిరగరాయదు, కొత్త చోట రాస్తుంది. డిఫాల్ట్‌గా 5 సెకన్లకొకసారి పోగైనదంతా ఒక కట్టగా డిస్కుకు పంపుతుంది. ముందు డేటా, తర్వాత ఫ్లష్ (క్యాష్‌లో ఉన్నది డిస్కుకు రాసేయమన్న ఆదేశం), "అంతా పలకమీదికి చేరింది" అని డిస్కు చెప్పాకే యూబర్‌బ్లాక్ అనే తల బ్లాకు, మళ్లీ ఫ్లష్. ఈ వరుస తప్పనంతవరకు కరెంటు ఎప్పుడు పోయినా చివరి కొద్ది సెకన్ల పని పోతుందేమో గానీ పూల్ చెక్కుచెదరదు. రైట్ బ్యాక్‌లో ఉన్న కార్డు మాత్రం ఫ్లష్ అడగ్గానే తన క్యాష్‌లోంచే "చేరింది" అంటుంది. బ్యాటరీ గట్టిగా ఉంటే అది నమ్మదగ్గ మాట. లేకపోతే అబద్ధం. పైగా డిస్కులకు ఏది ముందు రాయాలో కార్డు తన ఇష్టప్రకారం మార్చుకుంటుంది కాబట్టి తల బ్లాకు ముందు చేరి, అది చూపించే మొండెం క్యాష్‌లోనే ఆవిరైపోవచ్చు.

బ్యాటరీ కనెక్టర్ పీకేసి, బలవంతపు రైట్ బ్యాక్ పెట్టి, 60 జీబీ కాపీ నడుస్తుండగా ప్లగ్గు లాగేశాం. మొదటి రెండుసార్లు పూల్ ఏమీ కానట్టే లేచింది. మూడోసారి ఇంపోర్ట్ దగ్గర ఐ/ఓ ఎర్రర్, పూల్‌ను చెరిపేసి బ్యాకప్ నుంచి మళ్లీ కట్టుకోమని సలహా. ఇలాంటప్పుడు చెరపొద్దు. ఇంపోర్ట్‌కి పెద్ద ఎఫ్ ఆప్షన్, దాని పక్కన చిన్న ఎన్ కూడా పెట్టి చూడాలి. చిన్న ఎన్ ఉంటే ఏమీ రాయకుండా, ఎన్ని సెకన్ల వెనక్కి వెళ్తే పూల్ లేస్తుందో మాత్రం చెప్తుంది. తర్వాత ఎన్ తీసేసి నడపాలి. మాకు ఆ దెబ్బకే లేచింది. పాత యూబర్‌బ్లాకులు కొన్ని అక్కడే ఉంటాయి కాబట్టి ఇది సాధ్యం, కానీ అవి చూపించే పాత బ్లాకుల మీద ఈలోగా కొత్త రైట్లు పడి ఉంటే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

కొత్త బ్యాటరీ కొంటే సరిపోదా అన్న ప్రశ్న వచ్చింది. రెండు సంగతులు. ఒకటి, బ్యాటరీ లెర్న్ సైకిల్: కొన్నాళ్లకొకసారి కార్డు బ్యాటరీని పూర్తిగా దింపి మళ్లీ ఎక్కిస్తుంది, ఆ గంటలన్నీ రైట్ త్రూలోనే. ఉన్నట్టుండి సర్వర్ మందగించిందన్న ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇదే. రెండు, ఈ తరం కార్డుల బ్యాటరీ కొత్తదైనా క్యాష్‌ను నిలబెట్టేది రెండు మూడు రోజులే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ చూసినవాళ్లకు మూడు రోజుల్లో కరెంటు వస్తుందన్న ధీమా ఉండదు. తిత్లీ తర్వాత ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. యూపీఎస్ ఉండి సర్వర్ పద్ధతిగా ఆగితే క్యాష్ ముందే ఖాళీ అవుతుంది, ఇబ్బంది లేదు. ఠపీమని ఆగి, ఆపైన వారం కరెంటు లేకపోతేనే సమస్య. మన జిల్లాల్లో ఆ రెండూ కలిసే రోజులు అక్టోబరులోనే వస్తాయి.

6, 7 రోజులు: ఎనిమిది రెయిడ్0లు

9260లో డిస్కులను విడివిడిగా నేరుగా చూపించే జేబాడ్ మోడ్ లేదు, అదే పని చేయించే ఐటీ ఫర్మ్‌వేరూ దానికి లేదు. చాలామంది చేసే మధ్యేమార్గం, ఒక్కో డిస్కునూ ఒంటరి రెయిడ్0గా (ప్యారిటీ లేని అర్రేగా) చూపించడం. కార్డు యుటిలిటీ మెగాసీఎల్‌ఐలో ప్రతి డిస్కునూ విడి రెయిడ్0 చేసే కమాండు ఒకే వరుస. పక్కన రైట్ త్రూ, రీడ్ ఎహెడ్ లేకుండా, డైరెక్ట్ ఐ/ఓ అని పెట్టుకోవాలి. అలా ఎనిమిది వర్చువల్ డిస్కుల మీద రెయిడ్‌జెడ్2 (రెండు డిస్కులు పోయినా తట్టుకునే జెడ్‌ఎఫ్‌ఎస్ సొంత రెయిడ్) కట్టాం.

పనిచేసింది, చెడిన బ్లాకుల్ని తానే బాగుచేసుకుంది కూడా. రోజువారీ నడిపే మనిషికే నరకం. ఒక డిస్కు లాగి కొత్తది పెడితే ఓఎస్‌కి ఏమీ కనిపించదు. ముందు కార్డు యుటిలిటీలోకి వెళ్లి కొత్త డిస్కుకు రెయిడ్0 సృష్టించాలి. ఆ డిస్కు ఇంతకుముందు వేరే కార్డు కింద పనిచేసి ఉంటే "ఫారిన్" అంటుంది, ఆ ఫారిన్ కాన్ఫిగరేషన్ చెరపాలి. పాత డిస్కు పోయేసరికి రైట్ బ్యాక్‌లో ఉండి ఉంటే దాని తాలూకు రాయని క్యాష్‌ను కార్డు పట్టుకుని కూర్చుంటుంది, దాన్ని వదిలించేదాకా కొత్త రెయిడ్0 ఇవ్వదు. అంతకంటే చిరాకు: ఒక డిస్కు లేకుండా రీబూట్ అయితే కార్డు బయోస్ "ఏదో ఒక కీ నొక్కండి" అని ఆగిపోతుంది. మానిటరూ కీబోర్డూ లేని గదిలో సర్వర్ తెల్లార్లూ అలాగే నిలబడి ఉంటుంది. అడాప్టర్ బయోస్ సెట్టింగ్‌లో ఎర్రర్ వచ్చినా ముందుకు సాగు అనే ఆప్షన్ ఉంది, కార్డు ఉంచుకునేవాళ్లు అది తప్పకుండా పెట్టుకోండి.

స్మార్ట్ వివరాలు (డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే అంకెలు) కూడా నేరుగా రావు. వాటిని చదివే స్మార్ట్‌సీటీఎల్‌కి మెగారెయిడ్ అని, పక్కన డిస్కు ఐడీ నంబరు ఇవ్వాలి. ఆ నంబరు బే నంబరు కాదు, కార్డు లిస్టులో "డివైస్ ఐడీ" అని ఉండేది. ఇక్కడ పొరబడి పక్క డిస్కు ఆరోగ్యం చూసి సంతోషపడటం చాలా తేలిక.

8వ రోజు: కార్డు మార్పు

డిస్కులను నేరుగా జెడ్‌ఎఫ్‌ఎస్‌కి ఇవ్వడానికి తెచ్చింది 9211-8ఐ కార్డు, ఎస్‌ఏఎస్2008 చిప్పు. కేబుళ్లు మార్చక్కర్లేదు, రెండు కార్డులకూ ఎస్‌ఎఫ్‌ఎఫ్-8087 కనెక్టర్లే. కార్డు ఐఆర్ (రెయిడ్ చేసే) ఫర్మ్‌వేర్‌తో వచ్చింది, ఐటీ ఫర్మ్‌వేర్ ఎక్కించాలి. వెర్షన్ 20.00.07.00 చూసుకుని దించుకోవాలి. 20 వరుసలో మొదట వచ్చినవి ఇబ్బంది పెట్టాయి.

ముందుగా కార్డు వెనక స్టిక్కర్ మీది ఎస్‌ఏఎస్ అడ్రస్ (కార్డు గుర్తింపు సంఖ్య) కాగితం మీద రాసుకోవాలి. చెరిపాక అది పోతుంది, మళ్లీ చేత్తో ఎక్కించాలి. డాస్ పెన్‌డ్రైవ్‌తో సాస్2ఫ్లాష్ అనే ఫర్మ్‌వేర్ టూల్ నడిపితే యూఈఎఫ్‌ఐ (కొత్త తరం బయోస్) బోర్డుల మీద "పీఏఎల్" మొదలవలేదంటూ ఆగిపోతుంది, మాకూ ఆగింది. కార్డుది తప్పు కాదు, యూఈఎఫ్‌ఐ షెల్‌లో ఆ టూల్ ఈఎఫ్‌ఐ రూపం నడపాలి. చెరపడం, ఐటీ ఫర్మ్‌వేర్ రాయడం, అడ్రస్ ఎక్కించడం, ఈ మూడూ ఒకే కూర్చోవడంలో అయిపోవాలి. చెరిపిన తర్వాత, రాసే ముందు రీబూట్ చేశారా, కార్డు ఇటుకరాయి. అందుకే ఈ పని చేసేటప్పుడు పీసీ యూపీఎస్ మీదే ఉండాలి, అదీ పగటిపూట. బూట్ రోమ్ ఎక్కించలేదు. ఈ డిస్కుల నుంచి బూట్ చేయం కాబట్టి అది లేకపోతే సర్వర్ లేవడం త్వరగా అవుతుంది.

ఫ్లాష్ చేయడానికి వాడిన డెస్క్‌టాప్ ఒకటి ఈ కార్డు పెడితే అసలు లేవనే లేదు. కనెక్టర్ బీ5, బీ6 పిన్నుల మీద సన్నని ఇన్సులేషన్ టేపు అతికిస్తే లేచింది. ఆ రెండూ ఎస్‌ఎంబస్ (బోర్డు నిర్వహణ సంకేతాల) పిన్నులు, కొన్ని బోర్డులకు గిట్టవు. టేపు సూదిమొన అంత వెడల్పులో కోయాలి, పక్క పిన్ను మీదికి పాకితే కొత్త తలనొప్పి.

హీట్‌సింక్ ముట్టుకుంటే చురుక్కుమంది. ఈ కార్డులు సర్వర్ లోపలి గాలి ఉధృతిని నమ్ముకుని చేసినవి. వేసవిలో ఈ గది సంగతి తెలుసు కాబట్టి 40 మిల్లీమీటర్ల ఫ్యాను హీట్‌సింక్ రెక్కల మధ్య స్క్రూలతో బిగించాం.

9వ రోజు: అసలు పూల్

రెయిడ్0లుగా ఉన్న పాత పూల్ కొత్త కార్డు మీద ఇంపోర్ట్ అయింది. అయినా దాన్ని కొనసాగించలేదు. పాత కార్డు డిస్కు చివర కొంత చోటు తనకు ఉంచుకుంటుంది కాబట్టి జీపీటీ (డిస్కు విభజన పట్టిక) రెండో నకలు ఉండాల్సిన చోట లేదని కెర్నెల్ గొణుగుతూనే ఉంది. ఆ డీడీఎఫ్ అవశేషాన్ని చూసి డిస్కు మీది గుర్తులు చదివే బ్లాక్‌ఐడీ కూడా ఇవి రెయిడ్ సభ్యులే అంటోంది. ఏదో ఒక రోజు ఏదో ఇన్‌స్టాలర్ దాన్ని నమ్ముతుంది. వైప్‌ఎఫ్‌ఎస్‌తో ఎనిమిదింటి మీదా గుర్తులన్నీ చెరిపాం.

పూల్: ఎనిమిదీ ఒకే రెయిడ్‌జెడ్2, యాషిఫ్ట్ 12, డిస్కుల పేర్లు బై-ఐడీ కింద ఉండే డబ్ల్యూడబ్ల్యూఎన్ (ప్రతి డిస్కుకూ ఉండే మారని గుర్తింపు) పేర్లతో. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లతో కడితే తర్వాత ఏది ఏదో తెలియదు. కంప్రెషన్ ఎల్‌జెడ్4, ఏటైమ్ (ఫైలు చివరిగా చదివిన సమయం రాయడం) ఆఫ్, వీడియో డేటాసెట్‌కి (పూల్‌లోని విడి ఫైల్ సిస్టమ్) రికార్డ్ సైజ్, అంటే ఒక బ్లాకులో పట్టే గరిష్ఠ డేటా, 1 ఎంబీ.

రికార్డ్ సైజ్ దగ్గర లెక్క చూడండి. డిఫాల్ట్ 128 కేబీ రికార్డు అంటే 32 సెక్టార్లు. 6 డేటా డిస్కుల మీద పరిస్తే 6 వరుసలు, వరుసకు 2 ప్యారిటీ, మొత్తం 44. రెయిడ్‌జెడ్2 కేటాయింపు 3 గుణిజంలో ఉండాలి, కాబట్టి 45. 32 బై 45, అంటే తీసుకున్న చోటులో 71 శాతమే డేటా. 1 ఎంబీ అయితే 256 సెక్టార్లు, 43 వరుసలు, 86 ప్యారిటీ, మొత్తం 342, అది 3తో సరిగ్గా పోతుంది. 75 శాతానికి దగ్గర. ఇందులో ఒక తమాషా: ఖాళీ చోటు లెక్క జెడ్‌ఎఫ్‌ఎస్ 128 కేబీ అనుకునే చూపిస్తుంది, అందుకని 100 జీబీ క్లిప్పులు పోస్తే 95 జీబీ వాడినట్టు కనిపిస్తుంది. వీడియోని ఎల్‌జెడ్4 నొక్కేసిందని మురిసిపోకండి, అది నొక్కింది ఏమీ లేదు.

3వ రోజు పరీక్ష మళ్లీ చేశాం. అవే 200 జీబీ క్లిప్పులు, పూల్ ఎక్స్‌పోర్ట్ చేసి, ఒక డిస్కు మీద అదే చోట 1 జీబీ చెత్త. స్క్రబ్ చెడినదంతా బాగుచేసినట్టు చూపించి, ఎర్రర్లు 0 అంది. ఏ డిస్కు అబద్ధమాడిందో దాని పేరు ఎదురుగానే చెక్‌సమ్ అంకె. ఎవరూ ఏ డిస్కునూ ఆఫ్‌లైన్ చేయక్కర్లేకపోయింది.

11వ రోజు: 512 ఎంబీ క్యాష్ పోయినందుకు నష్టమెంత

ఈ స్టూడియో పనికి ఏమీ లేదు. ఎడిటింగ్ పీసీల నుంచి సాంబా (నెట్‌వర్క్ ఫైల్ షేరింగ్) మీద వచ్చేవి పెద్ద పెద్ద వరుస రైట్లు, వాటిని జెడ్‌ఎఫ్‌ఎస్ ర్యామ్‌లోనే పోగుచేసి పంపుతుంది. గిగాబిట్ నెట్‌వర్క్ సామర్థ్యమే ముందు అయిపోతుంది, డిస్కులది కాదు. డేటాబేస్, ఎన్‌ఎఫ్‌ఎస్ మీద వర్చువల్ మెషీన్లు నడిపేవాళ్లకు తేడా తెలుస్తుంది, ఎందుకంటే వాళ్ల రైట్లు సింక్ రకం, డిస్కుకు చేరిందని చెప్పేదాకా ఆగేవి. వాళ్లు పవర్ పోయినా డేటా నిలబెట్టే కెపాసిటర్లున్న ఎస్‌ఎస్‌డీని లాగ్ పరికరంగా చేర్చుకోవాలి. మామూలు ఎస్‌ఎస్‌డీ చేర్చితే బ్యాటరీ చచ్చిన కార్డు కథే మళ్లీ మొదలు.

12వ రోజు: కార్డు తీయలేనివాళ్లకు

అన్ని సర్వర్లలో కార్డు మార్చడం కుదరదు. ముందు హెచ్‌బీఏ మోడ్ (డిస్కులను నేరుగా ఓఎస్‌కి ఇచ్చేది) ఉందేమో చూడండి. డెల్ పెర్క్ హెచ్730లో ఉంది, హెచ్700లో లేదు. హెచ్‌పీ పీ420ఐలో ఉంది, పీ410ఐలో లేదు. మోడ్ మార్చితే ఉన్న అర్రేలు పోతాయి, ముందే బ్యాకప్.

మోడ్ లేకపోతే ఒంటరి రెయిడ్0లు, పైన చెప్పిన జాగ్రత్తలతో. అదీ వద్దనుకుంటే కార్డులో రెండు అర్రేలు కట్టి, వాటిని జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్ చేయాలి. చోటు బాగా తగ్గుతుంది గానీ బాగుచేసుకునే శక్తి జెడ్‌ఎఫ్‌ఎస్ చేతికి వస్తుంది. ఒకే అర్రే తప్ప గతిలేకపోతే ముఖ్యమైన డేటాసెట్‌కి కాపీస్ 2 (ప్రతి బ్లాకుకూ రెండు ప్రతులు) పెట్టొచ్చు. చెదురుమదురుగా చెడిన బ్లాకులకు అది పనికొస్తుంది, అర్రే మొత్తం పోతే పనికిరాదు. ఏది ఎంచుకున్నా డిస్కుల సొంత క్యాష్ ఆఫ్ చేయండి, కార్డు బ్యాటరీ దాన్ని కాపాడదు. ఫ్లష్‌లు పంపొద్దని జెడ్‌ఎఫ్‌ఎస్‌కి చెప్పే సెట్టింగ్ ఒకటి ఉంది, వేగం కోసమని దాని జోలికి వెళ్లకండి.

14వ రోజు: చిల్లర పనులు

డిస్కు చదవలేని సెక్టార్ దగ్గర ఎంతసేపు తంటాలు పడాలో 7 సెకన్లకు కట్టేశాం (స్మార్ట్‌సీటీఎల్‌లో ఎస్‌సీటీ ఈఆర్‌సీ 70, 70, లెక్క సెకనులో పదో వంతుల్లో). కెర్నెల్ టైమవుట్ 30 సెకన్లు, డిస్కు అంతకంటే ముందే చేతులెత్తేయాలి. అప్పుడే జెడ్‌ఎఫ్‌ఎస్ మిగతా డిస్కుల నుంచి ఆ ముక్క తెచ్చి అక్కడే తిరగరాస్తుంది. కొన్ని డిస్కులు పవర్ పోగానే ఈ సెట్టింగ్ మరిచిపోతాయి, కాబట్టి బూట్ స్క్రిప్టులో పెట్టాం.

స్క్రబ్‌కి వేరే షెడ్యూల్ పెట్టలేదు. డెబియన్ ప్యాకేజీతోనే నెలలో రెండో ఆదివారం స్క్రబ్ నడిపే క్రాన్ (సమయానికి తానే నడిచే పని) వస్తుంది. ఆదివారం ముహూర్తం పడితే మాత్రం ఆ రోజు చేత్తో ఆపాలి. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఏం జరిగినా గమనించే జెడ్ డీమన్ నుంచి మెయిల్ వచ్చేలా పెట్టాం. యూపీఎస్‌కి యూఎస్‌బీ కేబుల్, దాన్ని గమనించే నట్ ప్యాకేజీ. బ్యాటరీ తక్కువ అన్న సంకేతం రాగానే సర్వర్ పద్ధతిగా ఆగుతుంది.

ప్రతి డిస్కు సీరియల్ నంబరు చివరి నాలుగు అంకెలు తెల్ల టేపు మీద మార్కర్‌తో రాసి ట్రే ముందువైపు అంటించాం. ఈ బ్యాక్‌ప్లేన్‌లో (డిస్కులు తగిలే బోర్డులో) లైటు వెలిగించే సదుపాయం పనిచేయలేదు. డిస్కు పోయిన రోజున తప్పు ట్రే లాగకుండా ఆపేది ఆ రూపాయి టేపే.

16వ రోజు: డిస్కు మార్పిడి రిహార్సల్, బ్యాకప్

పూల్ నడుస్తుండగానే 6వ బే డిస్కు లాగాం. స్టేటస్ డిగ్రేడెడ్. క్లిప్పులు ఎడిటింగ్ పీసీల మీద ఆడుతూనే ఉన్నాయి. స్పేర్ డిస్కు పెట్టి జెడ్‌పూల్ రీప్లేస్ అన్నాం, కార్డు యుటిలిటీ తెరవాల్సిన పనే లేదు. రీసిల్వర్ (కొత్త డిస్కును నింపడం) నిజంగా డేటా ఉన్న బ్లాకులకే జరుగుతుంది, ఖాళీ చోటు జోలికి పోదు. కార్డు రీబిల్డ్‌కి రాత్రంతా పట్టిన పని ఇక్కడ 200 జీబీకి గంట లోపే అయింది. పూల్ నిండేకొద్దీ ఈ సమయం పెరుగుతుంది, అది యజమానికి ముందే చెప్పాం.

తర్వాత యూఎస్‌బీ డిస్కుల్లోని 9 టీబీలు ఎక్కించడం మొదలు. ప్రతి డిస్కు కాపీ అయ్యాక సంతకాలు సరిచూసి, అప్పుడే దానిమీద "అయింది" అని రాస్తున్నాం. బ్యాకప్‌కి 12 టీబీ డిస్కు ఒకటి, దాని మీద ఒంటరి పూల్, స్నాప్‌షాట్లు జెడ్‌ఎఫ్‌ఎస్ సెండ్‌తో. నిండాక అది శ్రీకాకుళంలో స్టూడియో వాళ్ల బంధువుల ఇంట్లో ఉంటుంది. రెండు పూళ్లనూ 80 శాతం దాటనివ్వకూడదన్నది నియమం, 12 టీబీలకు 9 ఇప్పటికే ఆ గీత దగ్గరికి వచ్చేసింది. కాబట్టి రెండో బ్యాకప్ డిస్కు ఆర్డర్ పెట్టాం.

పాత 9260 కార్డు బీరువాలో ఉంది, బ్యాటరీ విడిగా తీసేసి. ఉబ్బుతుందేమోనని.